కుళాయి తిప్పితే వినిపించే జనరేటర్

మాల్దీవుల్లో నా మొదటి ఉద్యోగం, సముద్రపు నీటిని మంచినీరు చేసే ఆర్వో ప్లాంట్ ఆపరేటర్. ఆ గదికి కిటికీ లేదు. 2016లో దీవిలో దిగిన మొదటి వారమంతా పగటిపూట సముద్రం చూసిన గుర్తు లేదు. చూసిందల్లా ప్రెషర్ గేజ్. ఇప్పుడు అదే దేశంలో, నలభై గదులున్న మరో చిన్న దీవికి మేనేజర్ని. గెస్టులతో మాట్లాడుతూనే ఉంటాను, కానీ దగ్గర్లో ఎక్కడైనా కుళాయి ఊరికే కారుతుంటే మాట ఆగిపోతుంది. నాకది నీళ్ల చప్పుడులా వినిపించదు, పవర్ హౌస్‌లో జనరేటర్ తిరుగుతున్నట్టు వినిపిస్తుంది.

ఈ దీవంటే పగడపు ఇసుక కుప్ప. ఏరు లేదు, చెరువు లేదు. కురిసిన వాన ఇసుకలోకి ఇంకి, అడుగునున్న ఉప్పునీటి మీద పలచటి పొరగా తేలుతుంటుంది. ఆశపడి ఎక్కువ తోడామా, కింది ఉప్పు పైకొచ్చేస్తుంది. తర్వాత చెట్లు ఎండుతాయి. అందుకే దాన్ని ముట్టుకోం. లీటరుకి సుమారు 35 గ్రాముల ఉప్పున్న సముద్రపు నీటినే 60 బార్ల (మామూలు గాలి ఒత్తిడికి దాదాపు అరవై రెట్ల) ఒత్తిడితో మెంబ్రేన్ అనే సన్నని వడపోత పొరలోంచి నెట్టి మంచినీరు తీస్తాం. వెయ్యి లీటర్లు తీయడానికి మా మెషిన్‌కి 5 యూనిట్ల కరెంటు కావాలి. లీటరు డీజిల్‌కి మా జనరేటర్ ఇచ్చేది మూడున్నర యూనిట్లు. షవర్ కింద పదిహేను నిమిషాలు నిలబడ్డ మనిషి ఓ గ్లాసుడు డీజిల్ పోసుకున్నట్టే లెక్క. వేడినీళ్లయితే ఆ ఖర్చు వేరే.

పాతవాళ్లు ఇప్పటికీ 2014 డిసెంబర్ గురించి చెబుతుంటారు. మాలేలో సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్‌లో మంటలు లేచాయి. లక్షమందికి పైగా ఉన్న రాజధానికి ఒక్కసారిగా నీళ్లు ఆగిపోయాయి. ఇండియా నుంచి విమానాల్లో, ఓడల్లో నీళ్లొచ్చాయి. ఆ కథ విన్నాక మా దగ్గర రెండో పంపు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుతున్నాను.

మా బ్రోషర్‌లో ఒకప్పుడు 'సూర్యుడితో నడిచే దీవి' అని ఉండేది. తీసేయించాను. ఎండ బాగా కాసిన రోజున సోలార్ ప్యానెళ్లు ఇచ్చేది మాకు కావలసినదాంట్లో మూడో వంతు. ఇంకా పెట్టాలంటే చెట్లు కొట్టాలి, అది మాకు ఇష్టం లేదు, చట్టమూ అంత తేలిగ్గా ఒప్పుకోదు. పైగా గెస్టులు పగలంతా నీళ్లలో ఉంటారు, ఏసీలన్నీ కలిసి మోగేది రాత్రే. దీవిని మార్చే పని ఏదైనా ఉంటే అది ప్యానెల్ మీద కన్నా ఏసీ రిమోట్ మీదే ఎక్కువుంది. గదుల తలుపు తెరిచి ఉంటే ఏసీ ఆగిపోయే స్విచ్చు పెట్టించినప్పుడు నామీద వచ్చినన్ని ఫిర్యాదులు మరెప్పుడూ రాలేదు. 'మేం గ్రీన్ ట్యాక్స్ కడుతున్నాం కదా' అంటారు. నిజమే, కడతారు, పర్యావరణం పేరిట ప్రభుత్వం వేసే పన్ను అది. 2015 నవంబర్‌లో మనిషికి రాత్రికి 6 డాలర్లతో మొదలై, 2025 జనవరి నుంచి రిసార్టుల్లో 12 డాలర్లయింది. అది కట్టినంత మాత్రాన తలుపు దానంతటది మూసుకోదని మర్యాదగా ఎలా చెప్పాలో నాకింకా చేతకాలేదు.

చెత్త సంగతి గెస్టులకు తెలియనే తెలియదు. దీవి మధ్యలో, మొగలి పొదల వెనక, స్టాఫ్ క్వార్టర్ల పక్కనే ఉంటుంది యార్డు. వంటింటి వ్యర్థం కంపోస్టుకి, గాజు క్రషర్‌లోకి, కాలేది ఇన్సినరేటర్‌లోకి. మిగిలిన డబ్బాలూ ఇనుమూ సప్లై బోట్ మీద తిలఫుషికి వెళతాయి. తిలఫుషి ఒకప్పుడు మాలే దగ్గరి లగూన్, అంటే పగడపు దిబ్బ లోపలి లోతులేని సముద్రం. 1990ల మొదట్లో చెత్తతో పూడ్చడం మొదలుపెట్టారు, ఇప్పుడది దీవి. ఆ బోటు వెళుతుంటే నేను లెక్క రాస్తాను, ఎన్ని కిలోలు పంపామో. వచ్చేదే తగ్గిస్తే పోయేది తగ్గుతుందని ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు అట్టపెట్టెలు జెట్టీ దాటి లోపలికి రానివ్వం, అక్కడే విప్పి వచ్చిన బోటులోనే వెనక్కి పంపుతాం. మొదట్లో ఇది పర్యావరణం కోసం చేసింది కాదు, బొద్దింకల కోసం. అవి అట్టల మడతల్లోనే ప్రయాణిస్తాయి.

దీవి చుట్టూ నడిస్తే ఇరవై రెండు నిమిషాలు. పొద్దున గొడవపడ్డ మనిషి సాయంత్రంలోపు మూడుసార్లు ఎదురవుతాడు, అందుకే ఇక్కడ ఎవరూ రెండు రోజులకు మించి అలగరు. బెంగాలీ, సింహళం, తమిళం, నేపాలీ, ఈ దేశపు భాష దివేహి, అన్నీ ఒకే మెస్సులో వినిపిస్తాయి. జీతాలు వేరువేరుగా ఉన్నా, గెస్టుల బిల్లు మీద వేసే సర్వీస్ ఛార్జి మాత్రం చట్టప్రకారం అందరికీ సమానంగా పంచాలి. తోటమాలికీ చెఫ్‌కీ ఒకే వాటా. ఈ దేశంలో నాకు బాగా నచ్చిన చట్టం అదే. నన్ను బాగా ఇరికించిందీ అదే.

మా బోటు కెప్టెన్‌ని అందరం 'బేబే' అంటాం. దివేహిలో అన్నయ్య. వాతావరణం ఫోన్‌లో చూడడు, 'నకై' చూస్తాడు. ఏడాదిని పదమూడు పద్నాలుగు రోజుల చొప్పున ఇరవై ఏడు ముక్కలు చేసిన వాళ్ల పంచాంగం అది. ఓసారి పేర్లు చెప్పమంటే వరసగా చదివాడు: అస్సిద, బురును, కెతి, రోను, మియహెలియ, అద. నాలుగోదాని దగ్గర ఆపి మళ్లీ చెప్పమన్నాను. అశ్విని, భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర, ఆర్ద్ర. కార్తెలు! సముద్రం మధ్యలో, వేరే భాషలో, గాలి లెక్కగా. నేను మనవాటి పేర్లు చెబితే బేబే నవ్వి, 'మీవి కొంచెం పొడుగు' అన్నాడు.

ఈశాన్యపు గాలికాలాన్ని ఇరువై అంటారు, నైరుతిని హుల్‌హంగు. గాలి మారితే దీవి ఇసుక కూడా మారుతుంది. హుల్‌హంగులో పడమటి ఒడ్డు ఇసుక లేచి తూర్పుకి చేరుతుంది, ఇరువైలో తిరిగొస్తుంది. బేబే దృష్టిలో అది ఇల్లు ఊడ్చుకోవడం లాంటిది. పడమటి విల్లాల్లో సూర్యాస్తమయం కోసం డబ్బు కట్టిన గెస్టు దృష్టిలో మోసం. బ్రోషర్‌లో ఫొటో చూపించి, 'ఈ ఇసుక ఏది?' అంటాడు. మెట్ల కింద వేర్లు తేలి, నీళ్లు కొట్టుకుంటుంటాయి.

2023 జులైలో గదులు సగం ఖాళీ. యజమాని లగూన్‌లోంచి ఇసుక తోడి ఒడ్డున పోయించాలన్నాడు. వద్దన్నాను. మీటింగులో నాతో ఉంటారనుకున్నవాళ్లు తలలు దించుకున్నారు. సర్వీస్ ఛార్జి ఆ నెల మరీ పలచబడింది, ఇంటికి పంపడానికి లేక వాళ్లు పడే ఇబ్బంది నాకూ తెలుసు. హౌస్‌కీపింగ్ కుర్రాడొకడు తర్వాత వచ్చి, 'మీకు జీతం ఉంది సార్, మాకు వాటాయే ముఖ్యం' అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. అనుమతి కాగితాలు తెప్పించి పంపు దించారు.

మూడు రోజులు లగూన్ పాలలా అయిపోయింది. ఆ సన్నపు బురద వెళ్లి కూర్చునేది హౌస్ రీఫ్, అంటే దీవిని ఆనుకుని ఉన్న పగడపు దిబ్బ మీదే. 2016లో సముద్రం వేడెక్కి పగడాలు తెల్లబడ్డప్పుడు చూశాను. అసలేం జరుగుతోందో తెలియని గెస్టులు ఆ తెలుపు అందంగా ఉందని ఫొటోలు తీసుకున్నారు. ఆ వేడికి ఇక్కడ బతికి బట్టకట్టిన కొన్ని గుత్తులు ఇన్నాళ్లకు చేతివేళ్లంత పొడుగయ్యాయి. మా డైవ్ టీమ్ రోజూ వాటి మీది ఇసుకను చేతుల్ని విసనకర్రలా ఊపి దులిపింది. కొన్ని నిలిచాయి.

ఇందులో మరీ విడ్డూరం ఏమిటంటే, అసలీ ఇసుక చేసేది కూడా రీఫే. చిలుకముక్కు లాంటి నోటితో పగడపు రాయి గీకి తినే పారట్ ఫిష్ మిగతాది ఇసుకగా విసర్జిస్తుంది. వక్కరు దీవి దగ్గర పరిశోధకులు లెక్కకడితే, కొత్తగా తయారయ్యే ఇసుకలో 80 శాతానికి పైగా చేపలదేనని తేలింది. గెస్టులు కాళ్లు పెట్టుకుని కూర్చునేది దాని పేడ మీదని నేను చెప్పను. బేబే చెబుతాడు, అడగకుండానే.

పోసిన ఇసుక ఆరు వారాలు నిలిచింది. సెప్టెంబర్‌లో పెద్దగాలికి తూర్పుకి వెళ్లిపోయింది, బిల్లు మాత్రం నా టేబుల్ మీద ఉండిపోయింది. జనవరి చివరికి గాలి మారి, పడమటి మెట్ల దగ్గర పాత ఇసుక మెల్లిగా పేరుకుంది. యజమానికి ఫొటో పంపాను, ఖర్చు గడిలో సున్నా రాసి. మరుసటి జులైకి ఆయన పంపు మాట ఎత్తలేదు, అంతవరకు చాలు.

బ్రోషర్ ఫొటోలు ఏటా ఫిబ్రవరిలో తీస్తారు. ఒక్కసారి జులైలో, నీళ్లు మెట్లు తాకుతున్నప్పుడు కూడా తీయండి, రెండూ పక్కపక్కన వేద్దామని మార్కెటింగ్ వాళ్లకు రాశాను. రెండు నెలలైంది. ఫోటోగ్రాఫర్ టికెట్లు మళ్లీ ఫిబ్రవరికే బుక్ చేశారని నిన్న ఫ్రంట్ ఆఫీసులో తెలిసింది.