“అరుగుదల” అన్న ఒక్క మాటకు మేము పోగొట్టుకున్న నాలుగు నెలలు

మా అమ్మాయికి 14 ఏళ్లు. ఆమె నడుం నొప్పి కోసం మేము మొదలుపెట్టిన తిరుగుడు నిన్నటి ఫిజియోథెరపీతో ముగిసింది. ఈ ఎనిమిది నెలల్లో సగం కాలం నొప్పికి కాక ఒక మాటకు పోయింది కాబట్టి, ఆ బాధ చల్లారకముందే ఇది రాస్తున్నాను.

మొదట్లో అంతా మామూలుగానే జరిగింది. బాస్కెట్‌బాల్ ఆడి వచ్చిన రోజుల్లో నడుం పట్టేసినట్టుందని చెప్పేది. మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు రెండు వారాలు ఆట ఆపమన్నారు, అయినా తగ్గలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. ఎమ్మారై కూడా అరగంటలో అయిపోయింది.

ఆ రిపోర్టు తీసుకుని వెన్నెముక నిపుణుడి దగ్గరికి వెళ్లిన రోజును మాత్రం నేను మరచిపోలేను. ఆయన మా అమ్మాయిని ఒక్క ప్రశ్న అడగలేదు, లేచి నిలబడమనలేదు, నడుం మీద చెయ్యి వేసి చూడలేదు. ఫిల్మును వెలుతురుకు ఎత్తి పట్టుకుని, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో కింది రెండూ నల్లబడ్డాయనీ, ఇది 60 ఏళ్ల మనిషి నడుములా అరిగిపోయిందనీ, తలుపు తెరిచి ఉండగానే, బయట వంతు కోసం కూర్చున్న వాళ్లందరికీ వినిపించేలా అన్నారు. ఆ తరువాత నా వైపు తిరిగి, “ఇంత చిన్నపిల్ల చేత ఏం బరువులు మోయించారు? తల్లి అయ్యుండి గమనించుకోలేదా?” అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆటలు మానాలి, వంగకూడదు, పగలంతా బెల్టు కట్టుకోవాలి అని రాసిచ్చి ఐదు నిమిషాల్లో పంపేశారు. అంతమందిలో దోషిలా తల వంచుకుని బయటికి వచ్చాను.

ఆ రాత్రి మా అమ్మాయి, “అమ్మా, నడిస్తే కూడా అరుగుతుందా?” అని అడిగింది. మనకు తెలిసిన అరగడం చెప్పులు అరగడం, సబ్బు అరగడం. అంటే వాడినకొద్దీ తరిగిపోవడం. పిల్ల తన వెన్నును కూడా అలాగే ఊహించుకుంది. కింద పడిన పెన్సిలు తీయడానికి నన్ను పిలిచేది, మెట్లు ఎక్కాల్సి వస్తే ఆగిపోయేది. నేను కూడా భయపడి కదలనివ్వలేదు, ఆ తప్పులో నాకూ భాగం ఉంది. నాలుగు నెలలు గడిచేసరికి నొప్పి తగ్గకపోగా, పది నిమిషాలు నిలబడితే కూర్చోవాల్సిన స్థితికి వచ్చింది.

రెండో డాక్టరు ఫిల్మును చివరికి గానీ చూడలేదు. నొప్పి రాత్రి నిద్ర లేపుతోందా, జ్వరం గానీ బరువు తగ్గడం గానీ ఉందా, కాళ్లలో తిమ్మిరి, బలహీనత ఉన్నాయా, మూత్రం మీద అదుపు ఉందా అని అమ్మాయినే అడిగారు. పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తి చూశారు. ఒంటికాలి మీద నిలబెట్టి వెనక్కి వంచి చూశారు. ఆటలాడే పిల్లల్లో వెన్నుపూస వెనక భాగంలో సన్నని పగులు వచ్చే అవకాశం ఉంటుందనీ, దాన్ని మరచిపోకూడదనీ చెప్పారు. నేను రోజూ నొప్పి వివరాలు రాసిపెట్టిన పుస్తకం చూసి, రిపోర్టు కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడిందన్నారు. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను.

ఆ తరువాత ఆయన కాగితం మీద బొమ్మ గీసి అమ్మాయికి వివరించారు. డిస్కు మధ్యలో నీటితో నిండిన మెత్తని జిగురు లాంటి పదార్థం, దాని చుట్టూ గట్టి నారల వలయాలు ఉంటాయి. లోపలికి రక్తనాళాలు పోవు కాబట్టి, పోషకాలు పైనా కిందా ఉన్న వెన్నుపూసల నుంచి ఊరుతూ చేరాలి. నీరు తగ్గిన డిస్కు ఎమ్మారైలో నల్లగా కనిపిస్తుంది. నొప్పి ఉన్న పిల్లల్లో ఇలాంటివి ఎక్కువగా కనిపించే మాట నిజమే అయినా, ఏ నొప్పీ లేని పిల్లల్లోనూ కనిపిస్తాయి కాబట్టి, ఎమ్మారై ఒక్కటే చూసి నొప్పికి ఇదే కారణమని తేల్చలేము. డిస్కులు ఇలా మారడంలో వంశపారంపర్యం పాత్ర కూడా పెద్దదేనని చెప్పినప్పుడు, నాలుగు నెలలుగా నా గుండెల మీద ఉన్న బరువు దిగింది. కదిలితే అరిగిపోదు, కదలకపోతేనే కండరాలు నీరసిస్తాయి అని ఆయన అన్నాక అమ్మాయి ఆ మాటను రెండుసార్లు మళ్లీ చెప్పించుకుంది.

ఫిజియోథెరపీ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొట్ట, నడుము, తుంటి కండరాలకు బలం, తొడ వెనక కండరాలకు సాగుదల, తరువాత కొద్దికొద్దిగా పరుగు. 12 వారాలు పట్టింది. ఇప్పటికీ ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే నడుం పట్టేస్తుంది, లేచి నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుంది.

ఇదే దారిలో ఉన్న తల్లిదండ్రులు పిల్లను పరీక్షించకుండా ఫిల్ము చూసి తీర్పు చెప్పే డాక్టరు దగ్గర రెండో నిమిషం కూడా కూర్చోవద్దు. అయితే నేను పైన చెప్పిన జ్వరం, రాత్రి నొప్పి, కాళ్ల బలహీనత, మూత్రం లేదా మలం మీద అదుపు తప్పడం వంటివి ఉంటే ఒక్కరోజు కూడా ఆగవద్దు. బరువులు మోయించారన్న మాట విని బడి పుస్తకాల సంచిని తిట్టుకుంటూ కూర్చోవడం వల్ల మాకు ఒరిగిందేమీ లేదు.

ఎమ్మారై మళ్లీ తీయించాలా అని అడిగితే, లక్షణాలు మారితే తప్ప అవసరం లేదన్నారు. మొదటి ఆసుపత్రికి మాత్రం ఆనాడు జరిగినదంతా ఉత్తరంలో రాసి పంపాను. పిల్లల రిపోర్టులను తలుపు మూసి, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో వివరించమని కోరాను. ఇంకా జవాబు రాలేదు. వచ్చేదాకా మళ్లీ రాస్తాను.