చవక ఫిష్‌ఐ లెన్సు: ఏ గీత వంగాలో ముందే తేల్చుకోండి

ఫిష్‌ఐ అంటే ఎదురుగా ఉన్నదంతా వంపుతో ఒక్క ఫ్రేములో పట్టే బాగా వెడల్పాటి లెన్సు. అందులో ప్రతి గీతా వంగుతుందన్నది సగమే నిజం. ఫ్రేము నట్టనడుమ నుంచి వెళ్లే గీత అడ్డమైనా, నిలువైనా, ఐమూలగా ఉన్నా వంగదు. నడుమ నుంచి పక్కకు జరిగేకొద్దీ వంపు పెరుగుతుంది, అదీ ఎప్పుడూ బయటి వైపుకే ఉబ్బుతుంది. ఈ సంగతి కంటికి అలవాటైతే మ్యాన్యువల్ (చేత్తో ఫోకస్ చేసే) ఫిష్‌ఐతో పెళ్లి మండపం నుంచి గుంటూరు మిర్చి యార్డు దాకా దర్జాగా పని కానివ్వొచ్చు. అలవాటు కాకపోతే ఎంత ఖరీదైన లెన్సు పెట్టినా ఫొటోలన్నీ తలుపు కన్నంలోంచి చూసినట్టే ఉంటాయి.

ముందు కొనడం గురించి. ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్) మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా బాడీలకు సెవెన్ ఆర్టిజన్స్ 7.5 మి.మీ. ఎఫ్ 2.8, టీటీ ఆర్టిజన్ 7.5 మి.మీ. ఎఫ్ 2 ఉన్నాయి. డీఎస్‌ఎల్‌ఆర్ (అద్దం ఉన్న కెమెరా) ఉన్నవాళ్లకు సమ్యాంగ్ 8 మి.మీ. ఎఫ్ 3.5 పాత కాపు. అదే లెన్సు రోకినాన్ పేరుతోనూ అమ్ముతారు. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి టీటీ ఆర్టిజన్ 11 మి.మీ. ఎఫ్ 2.8. మి.మీ. అంకె ఫోకల్ లెంగ్త్, అది తగ్గేకొద్దీ చూపు వెడల్పవుతుంది. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఎపర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, పెద్దదవుతుంది. వీటన్నిట్లో బొమ్మ ఫ్రేము నిండా పడుతుంది. పెట్టె మీద 180 డిగ్రీలని ఉంటే అది మూల నుంచి మూలకు కొలిచింది, అడ్డంగా అంతకంటే తక్కువే వస్తుంది. మైకే 6.5 మి.మీ. ఎఫ్ 2 తీరు వేరు, నల్లటి ఫ్రేములో గుండ్రటి బొమ్మ ఇస్తుంది. అది నాలుగు రోజుల ముచ్చట. మొదటి ఫిష్‌ఐగా తీసుకోకపోవడమే మంచిది.

మీ బాడీ మౌంటుకే (లెన్సు తగిలించే చోటుకే) తయారైన లెన్సు కొనండి. వేరే మౌంటుది కొని అడాప్టర్ తగిలిద్దామనుకుంటే ఇక్కడ బెడిసికొడుతుంది. 7.5 మి.మీ. లెన్సులో ఇన్ఫినిటీ (అతి దూరం) నుంచి మీటరు దూరానికి ఫోకస్ మారడానికి లెన్సు జరిగేది 0.056 మి.మీ. మాత్రమే. అడాప్టర్ మందం 0.1 మి.మీ. ఎక్కువైందంటే ఫోకస్ రింగు చివరిదాకా తిప్పినా ఫోకస్ 56 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అదే తేడా 50 మి.మీ. లెన్సులో వస్తే ఫోకస్ 25 మీటర్ల దాకా వెళ్తుంది కాబట్టి అంతగా బాధించదు. ఎఫ్ 8 దగ్గర ఈ తప్పు దాగిపోతుంది. రాత్రి పూట ఎఫ్ 2.8కు తెరిచారంటే దుర్గమ్మ కొండ మీద దీపాలన్నీ ముద్దలై కనిపిస్తాయి.

కొట్లోనే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వీధి చివరన దూరంగా ఉన్న బోర్డు మీద ఫోకస్ కుదర్చండి. రింగు ఇంక కదపకుండా ఆ బోర్డు ఒక్కో మూలలో పడేలా కెమెరా తిప్పుతూ నాలుగు ఫొటోలు తీయండి. నాలుగు మూలలూ ఒకే తీరున కాస్త మెత్తగా ఉంటే పర్వాలేదు, ఈ ధరకు అది మామూలే. ఒక మూల మాత్రమే మసకైతే లోపలి గాజు పక్కకు ఒరిగినట్టు. మార్చి ఇమ్మనండి. గోడ దగ్గర నిలబడి ఈ పరీక్ష చేయకండి. అంత వెడల్పు లెన్సుకు గోడ మధ్యభాగం దగ్గర, చివరలు దూరం అవుతాయి కాబట్టి ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది.

లెన్సు తగిలించాక కెమెరా షట్టర్ నొక్కనివ్వకపోతే కంగారుపడొద్దు. ఈ లెన్సులు చాలావాటికి బాడీకి వివరాలు చెప్పే చిప్ ఉండదు, లెన్సే లేదని బాడీ అనుకుంటుంది. సోనీలో ‘రిలీజ్ వితౌట్ లెన్స్’, ఫ్యూజీలో ‘షూట్ వితౌట్ లెన్స్’ ఆన్ చేయాలి. నికాన్ డీ3000, డీ5000 వరస బాడీలు చిప్ లేని లెన్సుతో వెలుతురు కొలవవు. ఎం (మ్యాన్యువల్) మోడ్‌లో ఒక ఫొటో తీసి హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫు) చూసి సరిచేసుకోవడమే దారి. బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఉంటే ఫోకల్ లెంగ్త్ చేత్తో 8 అని నింపండి. పాత లెన్సుకు పెట్టిన 50 అలాగే ఉండిపోతే సెన్సర్ అవసరానికి మించి కదిలి, నిలకడగా పట్టుకున్న ఫొటోను కూడా పాడుచేస్తుంది.

ఇక అందరూ భయపడే మ్యాన్యువల్ ఫోకస్. భయమెందుకో అర్థం కాదు, ఈ లెన్సుకు ఆటోఫోకస్ ఉన్నా పెద్దగా చేసే పనేమీ ఉండదు. ఏపీఎస్-సీ సెన్సర్ మీద 0.02 మి.మీ. మసకను పదునుగానే ఒప్పుకుంటే, 7.5 మి.మీ. లెన్సు ఎఫ్ 8 దగ్గర 35 సెంటీమీటర్ల మీద ఫోకస్ పెడితే 18 సెంటీమీటర్ల నుంచి ఆకాశం దాకా అంతా పదునే. ఎఫ్ 5.6కు ఆ ఫోకస్ దూరం అర మీటరు, ఎఫ్ 2.8కు మీటరు. నా సలహా మాత్రం ఎఫ్ 8, రింగు అర మీటరు మీద. అప్పుడు ఇంచుమించు జానెడు దూరం నుంచి అవతలి కొండ దాకా పదునుగా వస్తుంది, రింగు అటూ ఇటూ కాస్త జరిగినా తేడా తెలియదు. ఎఫ్ 11 దాటి మూసే పని లేదు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల మొత్తం ఫొటో మెత్తబడుతుంది.

చిక్కల్లా ఆ అర మీటరు గుర్తు నిజంగా అర మీటరేనా అన్నది. చవక లెన్సుల్లో స్కేలు మీద ఉన్నదొకటి, వాస్తవం ఒకటి. చీకటి పడ్డాక డాబా ఎక్కి, దూరంగా టవర్ మీద వెలిగే ఎర్ర దీపం వెతకండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, స్క్రీన్ మీద బొమ్మను పెద్దది చేసి, దీపం అతి చిన్న చుక్క అయ్యేదాకా రింగు తిప్పండి. ఇన్ఫినిటీ గుర్తు ఎక్కడున్నా సరే, మీ అసలు ఇన్ఫినిటీ అదే. తెల్ల పెయింటు పెన్నుతో అక్కడొక చుక్క పెట్టండి. తర్వాత టేపుతో సెన్సర్ నుంచి సరిగ్గా 50 సెం.మీ. కొలిచి ఒక న్యూస్ పేపరు పెట్టి, ఆ దూరానికీ ఇలాగే ఇంకో చుక్క. చాలా లెన్సుల్లో ఫోకస్ రింగును చిన్న గ్రబ్ స్క్రూలు (తల లేని మరలు) పట్టి ఉంచుతాయి. వాటిని వదులు చేసి రింగును గుర్తుకు సరిపెట్టి మళ్లీ బిగించొచ్చు. కొన్నింట్లో మాత్రం మౌంటు కింద పలచటి రేకులు మార్చాలి, అది చేయి తిరిగినవాళ్లకే వదిలేయండి. పదునైన చోట్లను స్క్రీన్ మీద రంగుతో చూపే ఫోకస్ పీకింగ్‌ను నమ్ముకోవద్దు. ఎఫ్ 8 దగ్గర అది ఫ్రేమంతా రంగు పూసేస్తుంది.

గుర్తు కుదిరాక రింగు మీద చిన్న టేపు ముక్క అంటించండి. కొన్నింట్లో ఎపర్చర్ రింగుకు క్లిక్కులుండవు, సంచిలోంచి తీసేలోపు ఎఫ్ 8 కాస్తా ఎఫ్ 4 అయిపోతుంది, దానికీ ఒక ముక్క. గాఫర్ టేపే (గుడ్డ టేపే) వాడండి. కరెంటు పనికి వాడే నల్ల టేపు బెజవాడ ఎండకు జిగురు కారి రింగంతా బంకబంక చేస్తుంది.

ఇప్పుడు గీతల సంగతి. ప్రకాశం బ్యారేజీని ఉదాహరణగా తీసుకుందాం. ఒడ్డున నిలబడి 70 గేట్లూ ఒక్క ఫ్రేములో పట్టాలని చాలామంది ఫిష్‌ఐ తీస్తారు. గేట్లన్నీ వస్తాయి, కానీ అగ్గిపుల్లంత గీతలా వస్తాయి. మిగతాదంతా ఖాళీ నీళ్లు, ఖాళీ ఆకాశం. దూరంగా ఉన్నదాన్ని ఈ లెన్సు మరీ చిన్నది చేసేస్తుంది. అదే వంతెన మీదికెక్కి, పొడవునా చూస్తూ, కెమెరా మట్టంగా పెట్టి చూడండి. లెన్సు చూపుకు సమాంతరంగా దూరమయ్యే గీతలన్నీ ఫ్రేము నడుమనున్న బిందువు వైపే పరిగెడతాయి కాబట్టి రోడ్డు అంచు, రెయిలింగు పైకమ్మీ వంగవు. పక్కనున్న దీపస్తంభాలు మాత్రం బయటికి విల్లులా ఉబ్బుతాయి. తిన్నటి గీతలూ వంపు గీతలూ ఒకే ఫొటోలో కలిస్తేనే కంటికి లోతు తెలుస్తుంది. మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) వరసల మధ్య సందు, ఫంక్షన్ హాల్లో కుర్చీల మధ్య దారి, రైల్వే ప్లాట్‌ఫారం, అన్నిచోట్లా సూత్రం ఇదే.

పున్నమి ఘాట్ దగ్గర నది తీసేటప్పుడు కెమెరాను రెండు మూడు డిగ్రీలు పైకెత్తినా అవతలి గట్టు గిన్నెలా పల్లం పడుతుంది. కిందికి దించితే గుమ్మటంలా పైకి ఉబ్బుతుంది. ఫ్రేము సగంలో ఉంటే మాత్రం చక్కగా గీత గీసినట్టు. స్క్రీన్ మీద గ్రిడ్, లెవెల్ రెండూ ఆన్‌లో ఉంచండి. ఆకాశం ఎక్కువ కావాలంటే కెమెరా ఎత్తకుండా మట్టంగానే తీసి, తర్వాత కింద కత్తిరించుకోండి.

మంగళగిరి గాలిగోపురం పదకొండు అంతస్తులు. దగ్గరగా నిలబడి, కెమెరా నిలువుగా పట్టి, గోపురం నడిగీత ఫ్రేము నడిగీత మీద పడేలా చూసుకుంటే ఎంత పైకెత్తినా అది వంగదు. పిడికెడు పక్కకు జరిగారంటే గోపురం అరటిపండే. పక్కనున్న కొట్లు, కరెంటు తీగలు ఎటూ వంగుతాయి, వాటిని వంగనివ్వండి.

ఉండవల్లి గుహల్లో పవళించిన అనంతపద్మనాభస్వామి ఏకశిలా విగ్రహం ఈ లెన్సు కోసమే ఉన్నట్టుంటుంది. వెనక్కి తగ్గడానికి చోటు తక్కువ, విగ్రహమేమో బారుగా ఉంటుంది. విగ్రహం పొడవు ఫ్రేము అడ్డగీత మీదుగా వచ్చేలా కెమెరా ఎత్తు సరిచేసుకుంటే తల నుంచి పాదాల దాకా తిన్నగా వస్తుంది. రెండు చివరలూ కాస్త చిన్నవవుతాయి, అంతే. అది పురావస్తు శాఖ వారి రక్షిత కట్టడం, ట్రైపాడ్‌కు ముందస్తు అనుమతి కావాలి. ట్రైపాడ్ లేకపోయినా పర్లేదు. ఇంత చిన్న ఫోకల్ లెంగ్త్‌లో 1/15 సెకను చేత్తో పట్టుకునే తీయొచ్చు. ఎఫ్ 4కు తెరిచి ఫోకస్ 70 సెంటీమీటర్ల మీద ఉంచండి. బయటి ఎండ, లోపలి చీకటి రెండూ ఫ్రేములోకి వస్తాయి కాబట్టి రా (RAW) ఫార్మాట్‌లో తీయండి, ఎక్స్‌పోజర్ బయటి వెలుగుకు పెట్టండి.

పెళ్లిళ్లలో దీని అసలు చోటు తలంబ్రాలు. వధూవరులకు 60, 70 సెంటీమీటర్ల దగ్గరికి వెళ్లి, కెమెరా రెండు చేతులతో తలపైకెత్తి కిందికి చూపిస్తే పళ్లెం, చేతులు, గాల్లో అక్షింతలు, చుట్టూ చేరిన చుట్టాలు అంతా వస్తారు. ఫోకస్ టేపు వేసి ఉంది కాబట్టి స్క్రీన్ చూడక్కర్లేదు. ముఖాలు మాత్రం ఫ్రేము నడిమి మూడో వంతులోనే ఉండాలి. అంచున పడ్డ అత్తగారి ముఖం సాగిపోయిందంటే ఆల్బం చూసిన రోజు మీకు చీవాట్లు తప్పవు. గ్రూపు ఫొటోకు జనాన్ని తిన్నగా వరసలో నిలబెట్టకండి. అర్ధచంద్రంలా నిలబెట్టి మీరు మధ్యలో ఉండండి, కెమెరా వాళ్ల కళ్ల ఎత్తున. కెమెరా మీది ఫ్లాష్ ఈ వెడల్పును వెలిగించలేదు, అంచులు నల్లబడతాయి, లెన్సు హుడ్ నీడ కూడా పడుతుంది. తెల్ల సీలింగుకు కొట్టండి. మండపం ఎల్‌ఈడీలు ఫొటోలో చారలు పెడుతుంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి, మన కరెంటు 50 హెర్ట్జ్.

షట్టర్ నొక్కేముందు నాలుగు అంచులూ ఒకసారి తడుముకోండి: మీ చెప్పులు, లెన్సు కింద పెట్టిన వేలు, మెళ్లో వేలాడే పట్టీ, సాయంత్రమైతే మీ పొడవాటి నీడ.

ముందు గాజు ఉబ్బెత్తుగా ఉంటుంది, దానికి ఫిల్టరు ఎక్కదు. మిర్చి యార్డులో ఇదే పెద్ద గండం. ఘాటు ధూళి గాజు మీద పేరుకుంటుంది, పొడిగుడ్డతో రుద్దితే కోటింగ్ గీసుకుపోతుంది. ముందు బ్లోయర్, తర్వాత మెత్తటి బ్రష్, ఆఖర్న లెన్స్ ద్రవం తడిపిన టిష్యూతో మధ్య నుంచి బయటికి. యార్డు లోపల లెన్సు మార్చకండి. తుడిచిన చేత్తో కళ్లు ముట్టుకోకండి, ఆ తర్వాత వ్యూఫైండర్ సంగతి దేవుడెరుగు. ఎండలో నిలిపిన కారులోనూ లెన్సు వదలొద్దు. వేడికి గ్రీజు పలచబడి ఎపర్చర్ రేకుల మీదికి పాకుతుంది.

వంపు తీసేయాలంటే ఉచితంగా దొరికే హ్యూగిన్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం చాలు. ఫొటో ఎక్కించి లెన్సు రకం ‘ఫుల్ ఫ్రేమ్ ఫిష్‌ఐ’ (ఇక్కడ అర్థం బొమ్మ ఫ్రేము నిండా పడేదని, సెన్సర్ సైజు కాదు) అని, సమ్యాంగ్ 8 మి.మీ. అయితే ‘ఫిష్‌ఐ స్టీరియోగ్రాఫిక్’ అని ఎంచుకోండి. చిప్ లేదు కాబట్టి ఫోకల్ లెంగ్త్ మీరే నింపాలి, క్రాప్ ఫ్యాక్టర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) ఏపీఎస్-సీకి 1.5, కెనాన్ ఏపీఎస్-సీ అయితే 1.6. బయటికి తీసే ప్రొజెక్షన్ (వంపు చూపును చదునుగా పరిచే పద్ధతి) దగ్గర చాలామంది గీతలన్నీ తిన్నగా చేసే రెక్టిలీనియర్ పెట్టి మూలలు సాగదీసి పాడుచేసుకుంటారు. 180 డిగ్రీల చూపు తిన్నటి గీతల్లో ఇమడదు, ఆ లెక్కే కుదరదు. పానిని గానీ సిలిండ్రికల్ గానీ పెట్టండి: స్తంభాలు నిటారుగా నిలబడతాయి, అంచున నిలబడ్డ మనుషులు లావెక్కరు. అంచుల్లో పదును కొంత పోతుంది కాబట్టి ఇలా మార్చబోయే ఫొటోలను మొదటే నాలుగు వైపులా చోటు వదిలి తీసుకోవాలి. గోపురం, వంతెన లాంటివాటికి ఈ మార్పు అక్కర్లేదు. గ్రూపు ఫొటోలు, ఫంక్షన్ హాలు లోపలి ఫొటోలు మాత్రం హ్యూగిన్ దాటాకే ఫొటోలు తీయించుకున్నవాళ్లకు పంపండి.