ఏ కోర్సు అనేకంటే ముందు, ఏ ఒడ్డు?

నీట్ రిజల్ట్ వచ్చిన వారం మా వీధిలో నాకు గిరాకీ ఎక్కువ. పర్లాకిమిడిలో ల్యాబ్ టెక్నీషియన్‌ని కాబట్టి, డాక్టర్ సీటు రాదని తేలిన పిల్లల అమ్మానాన్నలందరూ నా దగ్గరికే వస్తారు. "ఎంబీబీఎస్ రాలేదు, పోనీ నర్సింగు. అదీ కుదరకపోతే ఫార్మసీ. ఏదీ లేకపోతే మీ ల్యాబ్ పని ఉందిగా అమ్మా!" నా మొహం మీదే అంటారు. టీ ఇచ్చి ఊరుకుంటాను.

ఈసారి వచ్చింది మా అక్క కూతురు. ప్లస్ టూ సైన్స్, బయాలజీతో పాసైంది. నీట్‌లో 720కి ఎన్ని వచ్చాయో చెప్పడం దానికి ఇష్టం లేదు, నేనూ అడగలేదు. "ఏటి చెయ్యమంటావు పిన్నీ?" అంది. కోర్సుల సంగతి తర్వాత, ముందు నువ్వు పనిచేసేది ఇక్కడా, అవతలా అని అడిగాను.

ఇక్కడ అంటే ఒడిశా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. కూరగాయలకీ పెళ్లిళ్లకీ అడ్డురాని ఆ గీత చదువు దగ్గర, ఉద్యోగం దగ్గర మాత్రం గోడై కూర్చుంటుంది. మా వాళ్లు తెలుగువాళ్లం కదా, ఎలాగోలా ఆంధ్రలో సీటు వస్తుందనుకుంటారు. అక్కడ కౌన్సెలింగ్‌లో 85 శాతం సీట్లు లోకల్ అభ్యర్థులకి. లోకల్ అంటే ఇంట్లో తెలుగు మాట్లాడటం కాదు, ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు అక్కడ చదివి ఉండటం. పర్లాకిమిడిలో ప్లస్ టూ చదివిన పిల్లకి అది లేదు. ఇక మిగిలేది ప్రైవేటు కాలేజీల మేనేజ్‌మెంట్ సీటు, దాని ఫీజు. కులం సర్టిఫికెట్ కూడా అంతే. జాబితాలు ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే, ఇక్కడి కాగితం పట్టుకెళ్లి అక్కడ రిజర్వేషన్ అడగలేం.

పోనీ ఇక్కడే ఉంటే? ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాల్లో ఒడియా చదివినట్టు కాగితం అడుగుతారు. ఏడో తరగతో ఆ పైనో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదంటే ఎంఈ స్టాండర్డ్, అంటే మిడిల్ స్కూల్ స్థాయి ఒడియా పరీక్ష విడిగా రాయాలి. మా అక్క కూతురు సీబీఎస్‌ఈలో హిందీ తీసుకుంది. ఒడియా గడగడా మాట్లాడుతుంది, కాగితం మాత్రం లేదు. నీట్ దగ్గరే ఈ తిరకాసు మొదలవుతుంది. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఇస్తారు, కానీ ఆంధ్ర, తెలంగాణ సెంటర్లలోనే. ఒడిశా సెంటర్లో ఇంగ్లీషు, హిందీ, ఒడియా. మనం తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో టిక్కు పెట్టాలి.

ఇక కోర్సులు. అన్నిటికంటే ఎక్కువ మోసపోయేది మామూలు బీఎస్సీ దగ్గర. మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అన్న పేర్లు చూసి ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం అనుకుంటారు. ల్యాబ్ టెక్నీషియన్ నోటిఫికేషన్లు అడిగేది మెడికల్ ల్యాబ్ టెక్నాలజీలో డిప్లొమా (డీఎంఎల్‌టీ) లేదా డిగ్రీ (బీఎస్సీ ఎంఎల్‌టీ), దాంతో పాటు ఆ రాష్ట్రంలో రిజిస్ట్రేషన్. బయోటెక్ చెడ్డ చదువని కాదు, రీసెర్చికి వెళ్లే ఓపిక ఉంటే మంచిదే. కానీ మూడేళ్లలో జీతం కావాలనుకునే ఇంటికి అది తోవ కాదు.

నా పని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఎవరూ అడగరు కాబట్టి. ఈ కొండ జిల్లాల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తపు జబ్బు మాకు కొత్త కాదు. చిన్న ట్యూబులో ద్రావణం పోసి, కొద్దిగా రక్తం కలిపి, కాసేపాగి, నల్ల గీతలున్న కాగితం ముందు పెట్టి చూస్తాం. ట్యూబు వెనక గీతలు కనబడితే సరే. ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే అందులో ఈ జబ్బుకి మూలమైన హీమోగ్లోబిన్ ఎస్ ఉన్నట్టు. ఆ ట్యూబు అంతవరకే చెప్తుంది. అమ్మ, నాన్నల్లో ఒకరి నుంచి వచ్చిన ట్రెయిటా (జబ్బు లేకుండా మోయడమే), ఇద్దరి నుంచీ వచ్చిన జబ్బా అన్నది హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేస్తే గానీ తేలదు. రక్తం మరీ తక్కువున్న మనిషిలో గీతలు కనబడినా నమ్మలేం. ఇవేవీ ఆలోచించకుండా "పాజిటివ్" అని రాసి పడేస్తే ఒక ఆడపిల్ల పెళ్లి ఆగిపోవచ్చు. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని 2023 జూలైలో కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. ఆ మిషన్ మొత్తం ఆనేది ఇలా ట్యూబు పట్టుకుని నిలబడే వాళ్ల చేతి మీదే.

ఆ తర్వాత వివరించి చెప్పాలి. కొండ మీద నుంచి దిగొచ్చిన తల్లికి తెలుగు కొంత, ఒడియా కొంత వస్తాయి, భయం వేస్తే మాత్రం తమ గిరిజన భాష సవరలోనే మాట్లాడుతుంది. గిడుగు రామమూర్తి పంతులుగారు మా ఊళ్లోనే బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు. నేను చదివిన సిలబస్‌లో దాని ఊసే లేదు. పక్క బెడ్డు ఆయమ్మల దగ్గర నేర్చుకున్న నాలుగు ముక్కలే నాకు దిక్కు.

అవతలి ఒడ్డున పనిచేయాలనుకునే వాళ్లకి నేను చెప్పేది డయాలిసిస్ టెక్నాలజీ. శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం పక్కనే ఉంది కదా. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని ఊరు వెతుక్కోవాలి, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు. ఒక్కో మనిషికి ఒక్కో సిటింగ్ నాలుగు గంటలు, వారానికి రెండు మూడుసార్లు. అక్కడి టెక్నీషియన్‌కి మెషిన్ కంటే ముందు నీళ్ల మీద కన్నుండాలి. మెషిన్‌లోకి వెళ్లే ఆర్వో నీళ్లలో తేడా వస్తే అది నేరుగా రోగి ఒంటి మీదకే వస్తుంది. మధ్యలో బీపీ పడిపోయినప్పుడు కంగారుపడకూడదు. ఏళ్ల తరబడి అవే మొహాలు చూస్తుంటాం, ఒక రోజు ఒక మొహం రాదు. అది తట్టుకోగలరా అని పిల్లల్ని నేను ముందే అడుగుతాను. తల్లిదండ్రులకి ఈ ప్రశ్న నచ్చదు.

ఫార్మసీ గురించి మా బావ చెప్పాలి. ఆయన అప్పుడే మెడికల్ షాపుకి గది కూడా చూసేశాడు. షాపుకైతే రెండేళ్ల డి.ఫార్మ్ చాలు, దానికి నాలుగేళ్ల బి.ఫార్మ్ ఎందుకు, ఆరేళ్ల ఫార్మ్.డి అసలే ఎందుకు? ఫార్మ్.డి పెద్దాస్పత్రుల్లో వార్డుల్లో తిరిగే చదువు, మా వైపు అలాంటి పోస్టులు నేను చూడలేదు. పైగా షాపు పెట్టుకోవడం బావ కోరిక, పిల్లది కాదు.

పిల్ల కోరిక ఏమిటో వంటింట్లో తేలింది. వాళ్ల నానమ్మ తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు పక్క మార్చడం, వీపు తుడవడం, పుండు పడకుండా చూడటం అన్నీ ఇదే చేసింది. పక్క బెడ్డు వాళ్లకీ చేసిందట. గంటలకొద్దీ మాట్లాడే గుంట ఇది, ల్యాబ్‌లో పెడితే ట్యూబులతో కబుర్లు చెప్పాలి. నర్సింగే నయమన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఏ ఒడ్డో ఇప్పుడే తేల్చుకోలేని పిల్లకి కాస్త వీలిచ్చేది ఆ చదువే. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చుకోవచ్చు, కాగితాల తిరుగుడు ఉంటుంది గానీ జరుగుతుంది. ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకి పెట్టే నార్సెట్ రాస్తే భువనేశ్వర్ అయినా మంగళగిరి అయినా ఒకటే పరీక్ష, ఒడియా కాగితం గొడవ లేదు. నాలుగేళ్ల బీఎస్సీ వాళ్లు రిజిస్ట్రేషన్ అవగానే రాయొచ్చు. మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా జీఎన్‌ఎం వాళ్లకి యాభై పడకల ఆస్పత్రిలో రెండేళ్ల అనుభవం కూడా ఉండాలి. ఫీజు తక్కువని జీఎన్‌ఎం వైపు చూసేవాళ్లు ఆ లెక్క కూడా వేసుకోవాలి.

వచ్చే వారం బరంపురం వైపు కాలేజీలు చూడటానికి వెళ్తున్నాం. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉన్నది అక్కడే, 1962 నాటిది. పేరు మాత్రం మా ఊరి రాజు మహారాజా కృష్ణచంద్ర గజపతిగారిది, ఆ ఉడుకు మాకు తీరదు. మేం చూసేది ప్రైవేటు నర్సింగ్ కాలేజీలు. బిల్డింగు, బస్సు, బ్రోషరు నాకక్కర్లేదు. చెప్పకుండా పొద్దున్నే వాళ్ల సొంత ఆస్పత్రి ఓపీకి వెళ్లి కూర్చుంటాను. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రమే పడకలు నిండే ఆస్పత్రులు ఎలా ఉంటాయో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. దుప్పటి మడతలు చూస్తే తెలిసిపోతుంది. ఫీజు బేరం బావ చూసుకుంటాడు. ఎంఈ ఒడియా పరీక్ష ఫారం ఎప్పుడిస్తారో కనుక్కోమని పిల్లకే అప్పజెప్పాను.