ఆనుకోవడానికొక స్తంభం

పన్నెండయింది. నిద్ర రావడం లేదు. కారణం వింటే నవ్వుతారు, ఫోన్లో ఉండే బ్యాంకు బొమ్మ.

పొద్దున నాయన పింఛనుకు కావాల్సిన లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకు పోయినాం. ఏడురోడ్ల దగ్గర ఆటో కోసమే అరగంట. తీరా పోతే సర్వర్ లేదన్నారు. వచ్చినాక నాయన వేలిముద్ర పడలేదు. ముప్పై ఏళ్లు చాక్‌పీసు పట్టిన వేళ్లు మరి. తుడిచి పెట్టు, నొక్కి పెట్టు, ఇంకో వేలు పెట్టు... అంతలో మళ్లీ సర్వర్ పోయింది. కుర్చీలు నాలుగే, నాలుగూ నిండినాయి. ఆయనకేమో మోకాళ్ల నొప్పులు. తలుపు దగ్గర కాసేపు నిలబడితే, అడ్డం లేవమని సెక్యూరిటీ అతను మూడుసార్లు చెప్పినాడు. మూడుసార్లు!

ఏమీ తోచక ఫోన్ తీస్తే ఆ బొమ్మ. పైన త్రికోణం, కింద స్తంభాలు. ఇట్లాంటి బ్యాంకు కడపలో నేనెక్కడా చూడలేదు. చూసింది ఫిలడెల్ఫియాలో, చిన్నక్క దగ్గరికి పోయినప్పుడు. 1824లో పూర్తయిన కట్టడం. ఏథెన్స్‌లోని పార్థినాన్ గుడిని చూసి కట్టినారట. ముందర ఎనిమిది లావుపాటి స్తంభాలు, వాటి కింద పీఠాలు కూడా లేవు, నేరుగా నేల మీదే నిలబెట్టినారు. తల ఎత్తి చూస్తే గుళ్లోకి పోతున్నట్టే ఉంది. పక్కకు తిరిగితే మాత్రం స్తంభాల్లేవు, ఉత్త గోడ. అసలు గుడికేమో చుట్టూ ఉంటాయి. పైన పటారం, లోన లొటారం అని అక్కతో అన్నాను. పైగా అమెరికా అధ్యక్షుడు జాక్సన్ పొడిగించడానికి ఒప్పుకోక 1836లో ఆ బ్యాంకు గడువే తీరిపోయింది. ఇప్పుడు లోపల పాత పెద్దమనుషుల చిత్రపటాలు.

ఇదంతా నాయనకు చెప్పి, సోకు కాకపోతే బ్యాంకుకు స్తంభాలెందుకు అన్నాను. ఆయన బొమ్మను దగ్గరగా పెట్టుకుని చూసి, "ఉంటే ఆనుకోనన్నా ఆనుకుందుం కదమ్మా" అన్నాడు.

అప్పటినుంచీ అదే తిరుగుతోంది. ఇప్పుడంటే ఐదు లక్షల దాకా డిపాజిట్లకు బీమా ఉంది. ఆ కాలం వాళ్లు రాతిని చూసే కదా డబ్బు ఇచ్చింది, సోకు అని నేను తేలిగ్గా అనేసినానేమో. ఏమో, ఆ పక్క గోడ గుర్తొస్తే మళ్లీ అనాలనే ఉంది.

రేపు మళ్లీ పోవాలి. వంటింట్లో ముక్కాలి పీట ఉంది, సంచిలో పెట్టుకున్నా. సెక్యూరిటీ అతను ఏమంటాడో చూస్తా.