సరళీ వరుసలు, కుక్కర్ విజిల్, ట్యూబ్‌లైట్ చోకు

తిరుపతిలో కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు క్లాసు వారానికి రెండు మూడు రోజులే. అసలు పని ఇంట్లో. ఆ ఇల్లు చాలావరకు రెండు గదుల పోర్షన్. ఒక పక్క వంటిల్లు, ఇంకో పక్క టీవీ, కింద ఓనరు గారు, వీధిలో చెత్తబండి మైకు, మూలమీద గుడి. ఈ గోలలో సాధన ఎట్లా కుదురుతుందండీ అని అమ్మానాన్నలు అడుగుతుంటారు. బాగానే కుదురుతుంది. కాకపోతే వాళ్లు భయపడే చప్పుళ్లు వేరు, పాటను నిజంగా చెడగొట్టేవి వేరు.

కుక్కర్ విజిల్‌నే తీసుకోండి. అందరూ ఉలిక్కిపడతారు, అది కాస్తా ఆగిపోతుంది. పప్పు ఉడుకుతుంది గాని శ్రుతి చెడదు. రైలు కూత, స్కూటర్ హారన్ కూడా అంతే. వినగానే పరాయి మోత అని చెవికి తెలిసిపోతుంది. సన్నగా, ఆగకుండా, ఒకే స్థాయిలో మోగేవాటితోనే చిక్కు. పాత ఇనుప చోకు ట్యూబ్‌లైటు, ఫ్రిజ్జు, నీళ్ల మోటారు ఆ జాతివి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీటి రొద 100 దగ్గర, దాని రెట్టింపు 200 దగ్గర ఉంటుంది. ఐదున్నర శ్రుతిలో (హార్మోనియం మెట్ల లెక్కలో చెప్పే స్థాయి) పాడే అమ్మాయి షడ్జం, అంటే స, దాదాపు 208 హెర్ట్జ్. అంటే ఆ పిల్ల షడ్జానికి సగం స్వరస్థానం (హార్మోనియంలో పక్క మెట్టుకు ఉన్న దూరంలో సగం) కంటే ఎక్కువ కిందుగా గదిలో ఇంకేదో మోగుతూనే ఉంది. గొంతు అలిసేకొద్దీ తెలియకుండానే అటు జారుతుంది. ఒకటి శ్రుతిలో పాడే అబ్బాయికి పంచమం, అంటే ప, 196 కాబట్టి అదే రొద పంచమాన్ని పైకి లాగుతుంది. పాట మొదలుపెట్టే ముందు ఒక నిమిషం మాట్లాడకుండా కూర్చుని గదిని వినండి. ఏది మోగుతోందో తెలుస్తుంది. చోకు లైటు ఆపి ఎల్‌ఈడీ వేసుకుంటే సగం బాధ పోతుంది. మోటారు వేసే వేళ సాధన పెట్టుకోకండి.

శ్రుతికి, అంటే తంబూరాలా వెనక మోగే ఆధార స్వరానికి, ఇప్పుడు అందరూ ఫోన్‌లో యాప్ పెడుతున్నారు. మంచిదే. కాకపోతే ఫోన్ స్పీకరు చిన్నది, దాంట్లో మంద్ర (కింది స్థాయి) షడ్జం సరిగా పలకదు. పైషడ్జం, పంచమం మాత్రం గీగీమంటుంటే పిల్లలు ఆధారం దొరక్క అరుస్తారు. ఒక మామూలు బ్లూటూత్ స్పీకరు చాలు. దాన్ని వెనకో పక్కనో, చెవి ఎత్తులో పెట్టండి. పాడుతున్నప్పుడు కూడా శ్రుతి వినిపించాలి, వినిపించకపోతే శ్రుతి తక్కువైనా అయ్యుండాలి, గొంతు ఎక్కువైనా అయ్యుండాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మరవకండి. ప మీద నిలబడి ఉన్నప్పుడు వాట్సాప్ టింగుమంటే ఆ నిలకడంతా పోతుంది.

ఎక్కడ కూర్చోవాలన్నది కూడా ముఖ్యమే. బాత్రూంలో గొంతు గొప్పగా వినిపిస్తుంది గాని ఆ ప్రతిధ్వనిలో తప్పులు కనపడవు. మిద్దె మీద ప్రతిధ్వనే ఉండదు, గొంతు తిరిగి రాదు కాబట్టి పిల్లలు గట్టిగా అరవడం అలవాటు చేసుకుంటారు. బట్టల బీరువా, పరుపు ఉన్న చిన్న గది అన్నిటికన్నా నయం. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటే ఊరు కాబట్టి ఫ్యాన్ లేకుండా కూర్చోమనలేం. టేబుల్ ఫ్యాన్‌ను మాత్రం మొహానికి ఎదురుగా పెట్టకండి, గొంతు ఎండిపోతుంది.

ఇక అసలు పాఠం. మొదటి సరళి (స రి గ మ ప ద ని స, తిరిగి స ని ద ప మ గ రి స అనే తొలి పాఠం) అందరికీ నోటికి వస్తుంది, చేతికి రాదు. ఆది తాళంలో ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆపైన దెబ్బ తిప్పు, దెబ్బ తిప్పు. మొత్తం ఎనిమిది అక్షరాలు. చాలామంది పిల్లలు చూపుడు వేలితో మొదలుపెడతారు, మొదటి రోజే దిద్దకపోతే వర్ణాల (తర్వాత నేర్చుకునే పెద్ద పాఠాల) దాకా అదే ఉండిపోతుంది. ఆరోహణ అవరోహణ కలిపి సరళిలో పదహారు స్వరాలు. అక్షరానికి ఒక స్వరం చొప్పున మొదటి కాలంలో (వేగంలో) రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు పూర్తి చుట్లు, పడుతుంది. రెండు స్వరాల చొప్పున రెండో కాలంలో ఒకటి. మూడో కాలంలో అక్షరానికి నాలుగు స్వరాలు కాబట్టి సరళి అర ఆవర్తనంలోనే, మధ్య వేలు దగ్గరే అయిపోతుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. పాట అయిపోయిందని చెయ్యి ఆపేస్తారు, లేదా మిగిలిన నాలుగు అక్షరాలను గబగబా కొట్టేస్తారు. మూడో కాలంలో సరళిని రెండు సార్లు పాడితేనే తాళం నిండుతుంది.

ఇంకో జబ్బు, కాలం మారగానే చేతి వేగం కూడా మారడం. మారాల్సింది స్వరాలే, చెయ్యి కాదు. దీనికి ఒకటే మందు. ముందు మూడో కాలం పాడి చూడండి, ఏ స్వరమూ మింగకుండా ఎంత వేగంలో వస్తుందో ఆ చెయ్యి పట్టుకుని మొదటి కాలానికి రండి. మెట్రోనోమ్ నిమిషానికి 40 దెబ్బలకు పెడితే మూడో కాలంలో నిమిషానికి 160 స్వరాలు. కొత్తవాళ్లకు అదే ఎక్కువ. 40లో మొదటి కాలం నత్తనడకగా ఉందని పిల్లలు గొణుగుతారు. గొణగనివ్వండి. ఒక్కో స్వరం మీద నిలబడే ఓపిక అక్కడే వస్తుంది.

ఈ సరళి పాడేది మాయామాళవగౌళ రాగంలో, అది 15వ మేళకర్త (మూల రాగం). పురందరదాసు తొలి పాఠాలను ఈ రాగంలో కూర్చారని సంప్రదాయం. హార్మోనియం మీద చూస్తే దీని నడక తెలుస్తుంది. స పక్క మెట్టే రి, తర్వాత రెండు మెట్లు వదిలి గ, దాని పక్కనే మ. ప పక్కనే ద, మళ్లీ రెండు వదిలి ని, దాని పక్కనే పై స. ఒకే ఆకారం రెండు సార్లు వస్తుంది కాబట్టి కింద సగం కుదిరితే పైసగం సులువవుతుంది. తప్పు పడేది రి దగ్గర. గ దూరంగా ఉంది కదా అని తొందరపడి రిని పైకి ఎత్తేస్తారు. దిగేటప్పుడు ని నుంచి దకు జారి, ఆగక ప మీదే పడతారు. విడిగా స రి స, ప ద ప అని నిదానంగా పాడించి శ్రుతితో పోల్చుకోమనండి. తర్వాత అదే సరళిని అకారంలో, అంటే స్వరాల పేర్లు లేకుండా ఆ అని, పాడాలి. అక్కడ ప్రతి స్వరానికీ "హ" దూరి ఆ ఆ కాస్తా హా హా అయిపోతుంది, ఊపిరి సగంలోనే ఖర్చవుతుంది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుంటే ఆ హకారం గాలి తగిలి తెలుస్తుంది.

ధనుర్మాసంలో తెల్లవారుజామున మీ పక్క గుడి మైకులో తిరుప్పావై వస్తుంటే దాని మీద పోటీగా పాడకండి. రెండు శ్రుతులు కలిస్తే చెవి పెద్దదాని వెంటే పోతుంది. ఆ అరగంట తాళం వెయ్యండి. సప్త తాళ అలంకారాల్లో (ఏడు తాళాల్లో కట్టిన స్వర పాఠాలు) ధ్రువ తాళానికి 14 అక్షరాలు, మఠ్యానికి 10. స్వరాలు మనసులో నడుపుతూ చేత్తో లెక్క తప్పకుండా వెయ్యడం గొంతు అక్కర్లేని సాధన. మైకు ఆగాక గొంతు విప్పవచ్చు.

చివరిది చుట్టాల సంగతి. తిరుపతి ఇల్లు కాబట్టి దర్శనానికి వచ్చిన వాళ్లు దిగుతూనే ఉంటారు, కాఫీ తాగి "ఏదీ, ఒక అన్నమయ్య కీర్తన పాడమ్మా" అంటారు. పిల్లకు వచ్చింది అలంకారాలే. బలవంతంగా మైకుల్లో విన్న కీర్తన ఎత్తుకుంటే శ్రుతి ఉండదు, పైస్థాయిలో గొంతు పట్టేస్తుంది, పిల్ల చిన్నబోతుంది. అందుకే మలహరి రాగంలో మొదటి గీతం (చిన్న పాట) రాగానే దాన్ని చుట్టాల కోసం సిద్ధం చేసి పెట్టుకోండి. మలహరి మాయామాళవగౌళ జన్యమే (దాని నుంచి పుట్టిన రాగమే), నిషాదం (ని) ఉండదు, గాంధారం (గ) దిగేటప్పుడే వస్తుంది. అన్నీ సాధన చేసిన స్వరాలే. సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడటం) ఉండవు, రూపక తాళంలో చక్కగా నడుస్తుంది. శ్రుతి పెట్టి, స మీద ఒకసారి నిలబడి, చేత్తో తాళం వేస్తూ ముందు స్వరం, తర్వాత సాహిత్యం పాడమనండి. పెద్దమ్మ తనకు తెలిసిన శ్రుతిలో గొంతు కలపబోతే మాత్రం, "పెద్దమ్మా, ఇది అయ్యాక మీరొకటి పాడండి" అని నవ్వుతూ చెప్పేది అమ్మ పని, పిల్ల పని కాదు.