రాత్రి రెండు గంటల మాత్ర

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. పెద్ద జబ్బు చేస్తే మేం విశాఖ వైపే పరిగెడతాం.

ఆ సాయంత్రం అమ్మ పెరట్లో బట్టలు తీస్తూ "నెత్తి మీద రోకలితో కొట్టినట్టుందిరా" అని కూలబడింది. వాంతి అయింది. దగ్గర్లోని డాక్టరు గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చారు. రాత్రంతా అలా వృథా అయిపోయింది. తెల్లారేసరికి మెడ వంగడం లేదు. శ్రీకాకుళంలో సీటీ స్కాన్ తీస్తే మెదడు చుట్టూ రక్తం. ఉన్నట్టుండి అంత తీవ్రంగా వచ్చే తలనొప్పిని గ్యాస్ అనుకోకూడదని ఇప్పుడు కనపడ్డవాళ్లందరికీ చెప్తున్నాను.

విశాఖలో యాంజియోగ్రామ్, అంటే రక్తనాళాలు కనపడేలా తీసే ఎక్స్‌రే, చూపించారు. రక్తనాళం రెండుగా చీలే చోట శనగగింజంత బుడగ, అన్యూరిజం. అది చిట్లింది, మళ్లీ చిట్లితే ప్రాణాలకే ముప్పు. పుర్రె తెరిచి క్లిప్ పెట్టాలి, లేదా తొడ దగ్గర నాళంలోంచి సన్నని గొట్టం పంపి బుడగను ప్లాటినం తీగ చుట్టలతో నింపాలి. అమ్మకు రెండోది కుదురుతుందన్నారు. సంతకం పెట్టాను, మూడు గంటల్లో అయిపోయింది.

అసలు పని తర్వాత మొదలైంది. బయటికొచ్చిన రక్తం వల్ల నాలుగో రోజు నుంచి రెండు వారాల దాకా నాళాలు బిగుసుకుపోవచ్చట. దానివల్ల మెదడు దెబ్బతినకుండా నిమోడిపిన్ అనే మాత్ర, 60 మిల్లీగ్రాములు, నాలుగు గంటలకోసారి, 21 రోజులు.

ఎనిమిదో రోజు నర్సు మూడు వేళ్లు చూపించి ఎన్నని అడిగింది. అమ్మ "తిని" అంది. మళ్లీ అడిగితే మళ్లీ "తిని". మాట తేడా వచ్చిందని నర్సు డాక్టరు కోసం పరిగెత్తింది. అమ్మ చదివింది ఒడియా బడిలో, మగతలో లెక్కంతా ఒడియాలోనే వస్తుంది. "సిస్టర్, తిని అంటే మూడే!" అన్నాను. ఆవిడ గాభరాలో తప్పేం లేదు, నాళం బిగిస్తే ముందు మాటలోనే తెలియొచ్చు.

పదిహేనో రోజు ఇంటికి పంపారు. మా ఊళ్లో ఆ మందు దొరకలేదు, విశాఖ నుంచే తెచ్చుకున్నాం. క్యాలెండర్ వెనక గళ్లు గీసి ప్రతి మాత్రకీ టిక్కు పెట్టాను. ఒక రాత్రి రెండు గంటలకి బీపీ 90కి పడిపోయింది. ఫోన్ చేస్తే సగం డోసు రెండు గంటలకోసారి ఇమ్మన్నారు. ఇక నిద్ర సంగతి అడగకండి.

ఆరు నెలల తర్వాత యాంజియోగ్రామ్‌లో బుడగలోకి రక్తం వెళ్లడం లేదు. బీపీ మాత్ర మాత్రం ఇప్పటికీ నేను గుర్తు చేస్తే గానీ వేసుకోదు.