పక్క ప్లాటులో తీతువు

తీతువు కూసిన ఇంటికి కీడంటారు. ఇంట్లో జబ్బు మనిషి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. "దాన్ని తోలించెయ్యరా" అని పెద్దమ్మ రెండుసార్లు అంది. కిటికీ దాకా నడిస్తేనే ఆయాసం వచ్చే రోజులవి, తోలేదెవరు?

ఏప్రిల్‌లో కఫం పరీక్షలో టీబీ తేలింది. గాలి ఆడితే క్రిములు పలచబడతాయి, కిటికీలు మూయొద్దన్నారు. పక్క ఖాళీ ప్లాటు అలా కంటబడింది.

నా బరువు 48 కిలోలు. 35 నుంచి 49 దాకా రోజుకు మూడు మాత్రలు, ఒక్కో దాంట్లో నాలుగు మందులు. రెండు నెలలయ్యాక పైరజినమైడ్ తీసేసి, మిగతా మూడూ ఇంకో నాలుగు నెలలు. రిఫాంపిసిన్ పడగానే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ముందే చెప్పకపోతే రక్తమనుకుని హడలిపోతాం. కీళ్ల నొప్పులు పైరజినమైడ్ పుణ్యం. అరికాళ్ల తిమ్మిరి ఐసోనియాజిడ్‌ది, దానికి బి6 మాత్ర ఇస్తారు. ఇవి ఓర్చుకోవచ్చు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోయినా మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

తీతువు గూడంటే కంకరలో చిన్న గుంట, అంతే. నాలుగు గుడ్లు, సన్నటి కొనలు లోపలికి. మట్టి రంగు మీద నల్ల మచ్చలు. చూపు తిప్పితే మళ్లీ వెతుక్కోవాలి. పొదగడమంటే వెచ్చదనం ఇవ్వడమే అనుకునేవాణ్ణి. మే ఎండలో ఆ కంకర మీద వదిలేస్తే గుడ్లు ఉడికిపోతాయి. అందుకే మధ్యాహ్నాలు వాటికి నీడ పడుతుంది. మధ్యమధ్య బోరు నీళ్ల కాలువలో దిగి, పొట్ట ఆనించి అటూ ఇటూ కదిలి, కారుతున్న ఈకలతో తిరిగొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. ఆడదీ మగదీ వంతులు వేసుకుంటాయి. కుక్క అటు వస్తే నెత్తి మీదికి దూకి అరుపు. మన వాళ్లు కీడనుకునే కూత చాలాసార్లు అదే.

నాలుగో వారానికి జ్వరం పోయింది, దగ్గు తగ్గింది, ఆకలి తిరిగొచ్చింది. చాలామంది మందు మానేసేది సరిగ్గా ఇక్కడే. తేలిగ్గా చచ్చే క్రిములు పోయాయి గానీ, మందకొడిగా ఉండేవి లోపలే ఉంటాయి. ఇప్పుడు ఆపితే జబ్బు తిరగబెడుతుంది, మందుకు లొంగని క్రిములు తయారయ్యే ప్రమాదమూ ఉంది. పరగడుపున మింగితే వికారమని ఒకరోజు మాత్రలు పదకొండు దాకా పక్కన పెట్టాను. ఆలోపు ఆ పిట్ట మూడుసార్లు కాలువకు వెళ్లొచ్చింది. నీళ్లు తెచ్చుకుని మింగేశాను.

దాదాపు నాలుగు వారాలకు పిల్లలు బయటికొచ్చాయి. ఆ రోజే తల్లి వెనక పరుగు. నాలుగో గుడ్డు మురిగిపోయింది.

రెండో నెల చివర కఫంలో క్రిములు కనబడలేదు. బరువు 53. ఇకనుంచి రోజుకు నాలుగు మాత్రలన్నారు. పెద్దమ్మ కిటికీ దగ్గర నిలబడి, "మూడేనా? ఇంకోటి కంకరలో ఉందేమో సరిగ్గా చూడు" అంటోంది.